జన్యు చికిత్స – వైరస్ వాహనాలు ఎంతవరకు క్షేమం?

ప్రతి ఏడూ సావనీరు సంపాదకవర్గం పిల్లలు మా డిపార్టుమెంటు గుమ్మంలో నిలబడి "సార్, మీ వ్యాసం" అంటారు. ప్రతి ఏడూ నేను క్లాసు నోట్సులోంచి నాలుగు పేజీలు విడదీసి ఇస్తాను. అది అచ్చవుతుంది. ప్రూఫులు దిద్దే కుర్రవాడు తప్ప మరొకరు చదివిన దాఖలా లేదు. ఈ ఏడు మాత్రం అలా ఇవ్వబుద్ధి కాలేదు. అందుకు కారణం మా బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్న ఒకమ్మాయి, వాళ్ళ నాన్నగారు.

ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. కొడుక్కి పదహారేళ్ళు. పుట్టుకతోనే హీమోఫీలియా. అంటే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో ఫాక్టరు అనే ప్రొటీను ఆ పిల్లవాడి ఒంట్లో తయారు కాదు. కుడి మోకాలు కీలులోకి రక్తం కారికారి, ఇప్పుడా కాలు సరిగా వంగదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ జబ్బుకు జన్యు చికిత్స చేశారని పేపర్లో చూసి, ఆ కటింగు చొక్కా జేబులో పెట్టుకుని వచ్చారు. "వైరస్ ఎక్కిస్తారటగా సార్. మా బావమరిది ఒప్పుకోవద్దంటున్నాడు. మా అమ్మాయేమో మా సార్ని అడుగుదాం రమ్మంది. మీరు చదువుకున్నవారు, చెప్పండి" అన్నారు.

నేను పాఠ్యపుస్తకంలో ఉన్న ముక్కే చెప్పాను. "భయం లేదండీ. అది నిర్వీర్యం చేసిన వైరసు. జబ్బు చేసే భాగం తీసేస్తారు. ఇంజను తీసేసిన బండి అనుకోండి."

ఆయన కాసేపు ఊరుకున్నారు. తరువాత నెమ్మదిగా "ఇంజను తీసేసిన బండి షెడ్డులో పడుంటుంది సార్. మరి ఇది లోపలికెలా వెళ్తుంది? వెళ్ళింది సరే, ఎక్కడ ఆగుతుంది? లోపల ఇంకో బండి ఇంజను దీనికి తగులుకుంటే? వద్దనుకుంటే వెనక్కి తీసే వీలుందా?" అన్నారు.

ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఎం.ఎస్సీ. వైవాలో ఎవరూ నన్నుగాని, నేనెవరినిగాని ఇంత మంచి ప్రశ్నలు వరసగా అడిగిన గుర్తు లేదు. "వచ్చే సోమవారం రండి" అని పంపించి, ఆ వారమంతా లైబ్రరీలోనూ కంప్యూటరు ముందూ కూచున్నాను. ఈ వ్యాసం ఆ వారం చేసిన పనే.

ముందు అసలు వైరసే ఎందుకన్న సంగతి. జన్యు చికిత్స ఉద్దేశం చాలా సులభమైనది. పాడైన జన్యువు ఉన్నచోటికి మంచి జన్యువును పంపాలి. కాని మన జీవకణాలు పరాయి డి.ఎన్.ఏ.ని సులభంగా లోపలికి రానివ్వవు. ఆ గుమ్మం దాటే విద్యను కోట్ల సంవత్సరాలుగా సాధన చేసినవి వైరసులే. అందుచేత వైరసు కడుపులోని సొంత జన్యువులను తీసివేసి, ఆ ఖాళీలో మనకు కావలసిన జన్యువు పెడతారు. కవరు వైరసుది, లోపలి ఉత్తరం మనది. మెకానిక్కుగారి మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. లోపలికి వెళ్ళడానికి ఇంజను అవసరం లేదు. కవరు మీద ఉండే ప్రొటీను కొక్కేలు కణం పైపొరకు తగులుకుంటే, కణమే దాన్ని లోపలికి లాక్కుంటుంది. ఇంజను కావలసింది లోపలికి వెళ్ళాక తన సంతానాన్ని పెంచుకోవడానికి. ఆ పని చేసే జన్యువులనే తీసేస్తారు.

ఇలా వాడే వైరసుల్లో ముఖ్యమైనవి మూడు జాతులు: తమ సమాచారాన్ని మన క్రోమోజోములోనే అతికించే రెట్రోవైరసులు, మామూలు జలుబు తెచ్చే అడినోవైరసులు, అడినోవైరసు వెంట తిరిగే ఎ.ఎ.వి. అనే చిన్న వైరసు. అధికారికంగా ఆమోదం పొందిన మొదటి జన్యు చికిత్స 1990 సెప్టెంబరు 14న అమెరికాలోని బెథెస్డాలో, రోగనిరోధక శక్తి లోపించిన నాలుగేళ్ళ పాపకు జరిగింది. పాప రక్తంలోని టి-కణాలు బయటికి తీసి, రెట్రోవైరసు ద్వారా జన్యువు చేర్చి మళ్ళీ ఎక్కించారు. ఆ పాపకు హాని జరగలేదు. ఐతే పాత మందు కూడా కొనసాగించారు గనుక మేలు ఎంతవరకు జన్యువు వల్ల అన్నది స్పష్టంగా తేలలేదు.

రెండో ఇంజను ప్రశ్న ఊహాజనితమైన భయం అనుకోకండి. 1992లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక సంగతి ప్రచురించారు. కోతుల మూలుగ కణాలకు జన్యువు పట్టించడానికి వాడిన రెట్రోవైరసు సరుకులో, తనంతట తాను పెరగగల వైరసు కలిసిపోయింది. పది కోతుల్లో మూడింటికి లింఫు కణాల కాన్సరు వచ్చింది. ఎలా కలిసింది? వాహనాన్ని తయారుచేసే కణంలో వైరసు విడిభాగాలు ఉండక తప్పదు. లేకపోతే కవరే తయారు కాదు. విడిభాగాల మీద, వాహనం మీద ఒకేలాంటి డి.ఎన్.ఏ. వరసలు ఉంటే ఆ రెండూ అతుక్కుని పూర్తి వైరసు మళ్ళీ పుట్టవచ్చు. సరిగ్గా ఆయన చెప్పినట్టే, ఒక బండి ఇంజను ఇంకో బండికి తగులుకోవడమన్నమాట.

దానికి విరుగుడుగా విడిభాగాలను వేరు వేరు డి.ఎన్.ఏ. ముక్కలకు పంచారు, ఒకదానితో ఒకటి పోలే వరసలను వీలైనంత కత్తిరించారు. ఇప్పుడు ఎక్కువగా వాడే లెంటివైరసు వాహనం హెచ్.ఐ.వి. నుంచి చేసినది. క్లాసులో ఈ మాట చెప్పగానే ప్రతి బ్యాచిలోనూ ఒక గుసగుస లేస్తుంది. హెచ్.ఐ.వి.కి తొమ్మిది జన్యువులున్నాయి. మూడో తరం లెంటివైరసు తయారీలో వాటిలో ఆరింటిని అసలు వాడనే వాడరు. మిగిలిన మూడూ వేరే ముక్కల మీద ఉండి, తయారీ కణంలోనే ఆగిపోతాయి. పై కవరు కూడా హెచ్.ఐ.వి.ది కాదు, పశువుల నోటిలో పొక్కులు తెప్పించే ఒక వైరసుది. రోగి కణంలో దిగే సరుకులో ఆ తొమ్మిదిలో ఒక్కటి కూడా పనిచేసే స్థితిలో ఉండదు. ఐనా సరే, ప్రతి విడత సరుకునూ "ఇందులో బతికిన వైరసు ఉందా" అని పరీక్షించాకే వాడాలి. నా మట్టుకు నాకు ఈ ప్రశ్న విషయంలో ధైర్యం కుదిరింది. శాస్త్రం ముందే భయపడి, ముందే జాగ్రత్త పడిన చోటు ఇది.

దెబ్బ తగిలింది మరో చోట. ఆయన అడగని చోట.

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో జెస్సీ జెల్సింగర్ అని ఒక కుర్రవాడు ఉండేవాడు. అతనికి ఓ.టి.సి. అనే ఎంజైము లోపం. మాంసకృత్తులు జీర్ణమయ్యాక పుట్టే అమ్మోనియాను కాలేయం విరిచెయ్యలేదు, అది మెదడుకెక్కుతుంది. ఈ లోపం పూర్తిగా ఉన్న మగశిశువులు చాలామంది పుట్టిన కొద్దికాలానికే చనిపోతారు. జెస్సీది పాక్షికమైన లోపం. పథ్యంతో, రోజూ గుప్పెడు మాత్రలతో బతుకుతున్నాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అడినోవైరసుతో ప్రయోగం చేస్తున్నారని తెలిసి, పద్దెనిమిదేళ్ళు నిండగానే పేరిచ్చాడు. ఆ ప్రయోగం వల్ల తనకు నయం కాదని అతనికి తెలుసు. మందు ఎంత మోతాదు వరకు తట్టుకోగలరో చూడడానికే అది. ముందు ముందు పుట్టే పిల్లలకు పనికొస్తుందని వెళ్ళాడు.

1999 సెప్టెంబరు 13 సోమవారం నాడు కాలేయానికి వెళ్ళే ధమనిలోకి వైరసు ఎక్కించారు. ఆ ప్రయోగంలో అతను 18వ మనిషి, మోతాదు అన్నింటికన్నా పెద్దది. రేణువుల లెక్కలో సుమారు 38 లక్షల కోట్లు. ఆ రాత్రికే జ్వరం. మర్నాటికి కామెర్లు. తరువాత ఊపిరితిత్తులు, మూత్రపిండాలు వరసగా పనిచెయ్యడం మానేశాయి. 17వ తేదీ శుక్రవారం చనిపోయాడు. వైరసుకు ప్రాణం వచ్చి చంపిందా? లేదు. ఇంజను లేని బండి ఇంజను లేకుండానే ఉంది. అతని సొంత రక్షణ వ్యవస్థే ఒక్కసారిగా విరుచుకుపడి, ఆ మంటలో ఒళ్ళంతా కాలిపోయింది. మన రక్షణ సైన్యం బండికి ఇంజను ఉందా లేదా అని బానెట్టు ఎత్తి చూడదు. పైనున్న రంగు చూస్తుంది. జీవితంలో ఎన్నిసార్లో జలుబు తెచ్చిన శత్రువు రంగు అది.

ఆ తరువాత బయటపడిన సంగతులు ఇంకా బాధాకరమైనవి. ముందురోజు అతని రక్తంలో అమ్మోనియా ఎక్కువగా ఉంది, ఐనా ఆపలేదు. అంతకుముందు పాల్గొన్నవారిలో కొందరి కాలేయం దెబ్బతిన్న సంగతి ప్రభుత్వానికి సకాలంలో చేరలేదు. ఇలాంటి వైరసే ఎక్కువ మోతాదులో ఇస్తే కోతులు చనిపోయాయన్న మాట సంతకం చేసిన కాగితంలో లేదు. ప్రయోగానికి నాయకత్వం వహించిన ప్రొఫెసరుకు, విశ్వవిద్యాలయానికి కూడా దీనితో సంబంధమున్న కంపెనీలో వాటాలున్నాయి. తండ్రి మొదట డాక్టర్లను సమర్థించాడు. ఈ వివరాలు తెలిశాక ఎదురు తిరిగాడు. నేను వైరసుల క్షేమం గురించి రాయడానికి కూచుని వాటాల గురించి రాస్తున్నానేమిటని అనుకోవచ్చు. కాని చదివేకొద్దీ ఈ రెంటినీ విడదీయడం నాకు సాధ్యం కాలేదు.

ఇక్కడ మనందరికీ సంబంధించిన ఒక లెక్క ఉంది. 2021లో మనలో చాలామంది కోవిషీల్డు టీకా వేయించుకున్నాం. మన కాలేజీ ఆడిటోరియంలోనే క్యూలో నిలబడ్డాం. ఆ టీకా కూడా ఇంజను తీసేసిన అడినోవైరసే, చింపాంజీలకు వచ్చే రకం. ఒక మోతాదులో సుమారు 5,000 కోట్ల రేణువులు. జెస్సీకి ఇచ్చింది దానికి 760 రెట్లు, అదీ భుజం కండరంలోకి కాదు, నేరుగా కాలేయపు ధమనిలోకి. జాతి ఒకటే ఐనా మోతాదు వేరు, దారి వేరు, ఫలితం వేరు. ఆ టీకా వల్ల కూడా అతి అరుదుగా కొందరికి రక్తం గడ్డలు కట్టే జబ్బు వచ్చిందన్నది నిజమే. "వైరస్ వాహనం క్షేమమా?" అని ఊరికే అడిగితే జవాబుండదు. ఏ వైరసు, ఎంత, ఏ దారిన, ఎవరికి అని అడగాలి.

ఇక "ఎక్కడ ఆగుతుంది?" అన్న ప్రశ్న. దీనికి జవాబు పారిస్‌లో దొరికింది, చాలా ఖరీదుకు.

టెక్సాస్‌లో డేవిడ్ వెట్టర్ అనే బాలుడు పుట్టింది మొదలు ప్లాస్టిక్ గుడారంలో పెరిగి, 1984లో పన్నెండేళ్ళకు చనిపోయిన సంగతి పెద్దవాళ్ళలో కొందరికి గుర్తుండవచ్చు. రోగనిరోధక శక్తి బొత్తిగా లేకుండా పుట్టే ఆ జబ్బు మగపిల్లలకే వస్తుంది. 1999లో పారిస్‌లోని నెకెర్ ఆసుపత్రిలో ఎలెన్ ఫిషర్, మరీనా కవజానా-కాల్వో అనే వైద్యుల బృందం ఇలాంటి శిశువుల మూలుగ కణాలు బయటికి తీసి, ఎలుకల రెట్రోవైరసుతో మంచి జన్యువు చేర్చి తిరిగి ఎక్కించింది. పిల్లలు కోలుకున్నారు, ఇళ్ళకు వెళ్ళారు, నలుగురిలో ఆడుకున్నారు. 2000లో ఆ వార్త వచ్చినప్పుడు మా లేబులో మేము స్వీట్లు పంచుకున్నాం. జన్యు చికిత్స మొట్టమొదటిసారి నిస్సందేహంగా గెలిచిందని.

రెండేళ్ళు తిరిగాక 2002లో వారిలో ఒక బాబుకు రక్త కాన్సరు వచ్చింది. తరువాత ఇంకొకరికి. చివరికి పారిస్‌లో నలుగురికి, ఇదే పద్ధతిలో లండన్‌లో చేసిన పదిమందిలో ఒకరికి. మొత్తం ఇరవైమందిలో ఐదుగురు. నలుగురు కాన్సరు మందులతో కోలుకున్నారు, ఒక బాబు దక్కలేదు.

కారణం ఏమిటంటే, రెట్రోవైరసు తెచ్చిన జన్యువు క్రోమోజోములో ఎక్కడ అతుక్కుంటుందో మన చేతిలో లేదు. ఎక్కువమంది పిల్లల్లో అది ఎల్.ఎం.ఓ.2 అనే జన్యువు పక్కన దిగింది. ఆ జన్యువు అవసరం తీరాక నోరు మూసుకుని ఉండవలసినది, లేస్తే కణాలను అదుపు లేకుండా పెంచేది. ఐతే పక్కన దిగినంత మాత్రాన అది ఎందుకు లేచింది? పెళ్ళివారింటి మైకు సెట్టు సంగతి మీకు తెలుసు. వాళ్ళింటి పాట వాళ్ళకోసమే, కాని వీధిలో ఒక్కరికి నిద్ర ఉండదు. రెట్రోవైరసు రెండు చివర్లా అలాంటి లౌడుస్పీకర్లు ఉంటాయి. తన జన్యువు గట్టిగా పలకాలని వైరసు పెట్టుకున్న ఏర్పాటు అది. ఆ హోరుకు పక్కింట్లో నిద్రపోతున్న కాన్సరు జన్యువు లేచి కూచుంది.

ఈ పాఠం నేర్చుకున్నాక వాహనం నిర్మాణమే మార్చారు. కణంలో దిగగానే చివర్లలోని లౌడుస్పీకర్లు వాటంతటవే మూగబోయేలా కత్తిరించి, లోపల జన్యువుకు మాత్రం ఇంట్లో మాట్లాడుకునేంత గొంతు ఇచ్చే చిన్న స్విచ్చి పెట్టారు. ఇప్పటి లెంటివైరసు వాహనాలు చాలావరకు ఈ రకమే. దీనితో కథ ముగిసిందని నేను మొదట అనుకున్నాను. ముగియలేదు. మెదడులోని నరాల పైపొర కరిగిపోయే ఎ.ఎల్.డి. అనే జబ్బుకు 2022లో అమెరికాలో అనుమతి పొందిన ఒక చికిత్సలో చివరి లౌడుస్పీకర్లు తీసేశారుగాని, లోపల పెట్టిన స్విచ్చి కూడా వైరసు నుంచి తీసుకున్న బలమైనదే. 2024లో ప్రచురించిన లెక్క ప్రకారం చికిత్స పొందిన 67 మందిలో ఏడుగురికి రక్త సంబంధమైన కాన్సర్లు వచ్చాయి. చూరుకు కట్టిన మైకు విప్పేసి, అదే మైకు హాల్లో పెట్టినట్టైంది. ఐతే ఆ జబ్బు ముదిరితే పిల్లలు చూపు, మాట, నడక అన్నీ పోగొట్టుకుంటారు. అందుచేత చికిత్సను పూర్తిగా తోసెయ్యలేదు, సరిపడే మూలుగదాత దొరకనివారికే దాదాపుగా పరిమితం చేశారు. అలాంటి తూకం ఎవరు వెయ్యగలరు? వేసినవాళ్ళను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు.

క్రోమోజోములో అతుక్కునే వాహనం వాడిన ప్రతి మనిషినీ పదిహేనేళ్ళపాటు గమనించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నియమం పెట్టింది. మన బి.ఎస్సీ. కుర్రవాడు ఉద్యోగం చేసి, పెళ్ళై, పిల్లల్ని బడికి పంపేదాకా అన్నమాట.

ఎ.ఎ.వి. సంగతి కొంత చెప్పాలి. 1965లో అడినోవైరసు సరుకులో కల్తీగా దొరికిన చిన్న రేణువు ఇది. సొంతంగా పెరగలేదు, మనిషికి జబ్బు చేసినట్టు రుజువు లేదు. దీని డి.ఎన్.ఏ. చాలావరకు క్రోమోజోములో అతుక్కోకుండా, కణకేంద్రంలో విడిగా ఉండిపోతుంది. అందువల్ల పారిస్ బెడద చాలా తక్కువ. ఇది చూసి అందరూ దీనివైపు మళ్ళారు. 2017లో పుట్టుగుడ్డితనం ఒక రకానికి కంటిలో ఇచ్చే మందు వచ్చింది, కంటికి 15,000 కోట్ల రేణువులు చాలు. 2019లో పసిపిల్లల కండరాలను చంపే ఎస్.ఎం.ఏ. జబ్బుకు రక్తంలో ఎక్కించే మందు వచ్చింది. ఒళ్ళంతా చేరాలి గనుక శరీరపు బరువులో కిలోకు కోటి కోట్లకు పైగా రేణువులు. ఒక పసిబిడ్డకు ఇంత సరుకు! దానివల్ల వేలాది పిల్లలు మేలు పొందారు, 2022లో ఇద్దరు పిల్లలు కాలేయం పాడై చనిపోయారు.

మోతాదు పెంచినకొద్దీ ఏమౌతుందో మరొక ప్రయోగం చూపించింది. కండరాల జబ్బు ఒకదానికి కిలోకు మూడు కోట్ల కోట్ల రేణువులు ఇచ్చిన ప్రయోగంలో 2020లో ముగ్గురు బాలురు పోయారు. మోతాదు తగ్గించాక 2021లో మరొకరు. వాళ్ళ కాలేయాలు ముందే కొంత చెడి ఉన్నాయని తరువాత అర్థమైంది. 2025లో డుషేన్ కండర క్షీణతకు ఇచ్చే ఎ.ఎ.వి. మందు తరువాత నడవలేని స్థితిలో ఉన్న ఇద్దరు కుర్రవాళ్ళు కాలేయం చెడి చనిపోయారు. జెస్సీ పోయిన పాతికేళ్ళకు మళ్ళీ మోతాదు, మళ్ళీ కాలేయం. వైరసు జాతి మారింది, శత్రువు రంగు చూసి విరుచుకుపడే సైన్యం మాత్రం అదే.

ఎ.ఎ.వి.కి ఇంకో ఇబ్బంది, మనలో చాలామందికి ఇది ఎప్పుడో తెలియకుండా సోకి యాంటీబాడీలు తయారై ఉంటాయి. వారికి చికిత్స పనిచెయ్యదు. లేనివారికి కూడా ఒకసారి ఇచ్చాక తయారౌతాయి గనుక రెండోసారి ఇవ్వడం కుదరదు. "వెనక్కి తీసే వీలుందా?" అన్న ఆఖరి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. లేదు. మాత్ర వికటిస్తే మానెయ్యవచ్చు. రక్తంలోకి ఎక్కించిన వాహనాన్ని వెనక్కి పిలవలేం. స్టీరాయిడ్లతో సైన్యాన్ని శాంతపరచగలం, అంతే.

సోమవారం సాయంత్రం ఆయన వచ్చారు, ఈసారి ఖాకీ బట్టల్లోనే. ఇదంతా ఇంత వరసగా కాకపోయినా చెప్పాను. వేలూరులో ఏం చేశారో కూడా చెప్పాను. 2024 డిసెంబరులో ప్రచురించిన ఆ ప్రయోగంలో ఐదుగురు హీమోఫీలియా రోగులు, అందరూ 22 నుంచి 41 ఏళ్ళ మధ్యవారు. వైరసును ఒంట్లోకి ఎక్కించలేదు. మూలకణాలు బయటికి తీసి, లెంటివైరసుతో ఎనిమిదో ఫాక్టరు జన్యువు చేర్చి, మందులతో మూలుగలో చోటు ఖాళీ చేసి తిరిగి ఎక్కించారు. ఐదుగురిలో ఎవరికీ ఆ తరువాత రక్తస్రావం కాలేదు. అందరి కాలం కలిపితే 81 నెలల పరిశీలన. ఎ.ఎ.వి. యాంటీబాడీల తంటా ఈ పద్ధతిలో లేదు. కాని మూలుగ ఖాళీ చేసే మందులు తేలికైనవి కావు. ఇక ఐదుగురు, 81 నెలలు అన్నది పదిహేనేళ్ళ ప్రశ్నకు జవాబు కాదు.

"అంటే మంచిదే గాని, పిల్లాడికి ఇప్పుడే కాదంటారు" అన్నారాయన.

"నేననేది కాదండీ. వాళ్ళింకా పెద్దవాళ్ళతోనే చేశారు" అన్నాను.

ఆయన ఇంకో ప్రశ్న తెచ్చుకున్నారు. వాళ్ళావిడ అడగమందట. "ఈ వైరసు రేపు వాడికి పుట్టే పిల్లల్లోకి కూడా పోతుందా?" ఆమె ఎక్కడా చదవకుండానే సరైన చోట చెయ్యి పెట్టింది. 2001లో అమెరికాలో హీమోఫీలియా-బి రోగికి ఎ.ఎ.వి. ఎక్కించాక వీర్యంలో దాని జాడలు కనిపించి ప్రయోగం ఆపేశారు. కొన్ని వారాలకు జాడలు పోయాయి, మళ్ళీ మొదలుపెట్టారు. మూలకణాలు బయటికి తీసి చేసే పద్ధతిలో ఆ ప్రమాదం బాగా తక్కువ, ఎందుకంటే వైరసు పని సీసాలోనే ముగుస్తుంది.

డబ్బు సంగతి కూడా వచ్చింది. హీమోఫీలియా-బి కోసం అమెరికాలో 2022లో అనుమతి పొందిన మందు ధర 35 లక్షల డాలర్లు. విని ఆయన నవ్వారు. ప్రయోగంలో చేరితే ఖర్చు మనది కాదని, ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని మన దేశపు 2019 నియమాల్లో ఉందని చెప్పాను. పద్దెనిమిదేళ్ళు నిండకపోతే తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లవాడి సమ్మతి కూడా అడగాలని కూడా చెప్పాను. అది విని ఆయన ఆశ్చర్యపోయారు. "వాణ్ణి ఎవరూ ఇంతవరకు ఏదీ అడగలేదు సార్" అన్నారు.

చివరికి ఒక కాగితం మీద డాక్టర్లను అడగవలసినవి రాసిచ్చాను. ఏ వైరసు, ఒంట్లోకా సీసాలోనా, జన్యువు ఎక్కడ దిగుతుంది, ఆ మోతాదులో ఇంతకుముందు ఎవరికిచ్చారు, జంతువులకు ఏం జరిగింది, ఎన్నేళ్ళు చూస్తారు. అందులో సగం ఆయన ప్రశ్నలే. "కంపెనీలో ఎవరికైనా వాటా ఉందా" అని ఆఖర్న నేను చేర్చాను. ఆయన దాన్ని మడిచి పేపరు కటింగు పక్కన పెట్టుకుని, ఐదు నలభైకి డ్యూటీ అని లేచారు.

అమ్మాయి మాత్రం గుమ్మం దగ్గర ఆగింది. "సార్, ఈ జబ్బు తల్లి నుంచి వస్తుంది గదా. అమ్మకుంటే నాకూ ఉండే అవకాశం సగానికి సగం. నేను కూడా పరీక్ష చేయించుకోవాలా?" అంది. నేను ఆ పాఠం పోయిన నెలే బోర్డు మీద గళ్ళు గీసి చెప్పాను. మొదటి బెంచీలో కూచుని రాసుకుంది. చేయించుకోమన్నాను. ముందు అమ్మతో మాట్లాడమన్నాను.